బ్యాటరీ చూశాకే

డ్రైవరమ్మ సిటీ బస్సు నడిపినన్నాళ్ళూ టైర్లు తన్ని చూడకుండా డిపో గేటు దాటిన రోజు లేదు. ముందు షిఫ్టులో దిగినవాడు "అన్నీ బాగున్నాయమ్మా, ఇప్పుడేగా నడిపా" అన్నా వినేది కాదు. బండి చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, బ్రేకు తొక్కి చూసి, అద్దాలు సరిచేసుకున్నాకే సీట్లో స్థిరపడేది. తోటివాళ్ళు నవ్వేవాళ్ళు. "నవ్వండి నాయనా, బ్రేకు పడకపోతే బస్సులో ఉండేది నేను. మీరు బయట నిలబడి అయ్యో పాపం అంటారు" అనేది. రిటైరైన మర్నాడే కోడలు నడుపుతున్న లాండ్రీకి వచ్చి, గుడ్డల మూటలు మోసే పాత డీజిల్ వ్యాను తాళం చెవి అడిగి తీసుకుంది.

లాండ్రీ అంటే పొడవాటి ఒకే గది. ఒక గోడ వెంట పెద్ద మిషన్లు, ఇంకో గోడ వెంట ఇస్త్రీ రోలర్లు, మధ్యలో ఎప్పుడూ ఆవిరి. ఊరి నడిబొడ్డున ఉన్న లాడ్జీల దుప్పట్లు, కొండ మీద నర్సింగ్ హోమ్ దుప్పట్లు అక్కడికే వస్తాయి. మిషన్ల దగ్గర డ్రైవరమ్మ కొడుకు ఉంటాడు, అతనికి గొడవలంటే పడదు, మిషన్ల రొదలో ఎవరి మాటా వినపడకపోవడమే అతని అదృష్టం. బేరాలు, ఫోన్లు, బాకీల వసూళ్ళు కోడలివి. "చక్రం అత్తది, నోరు కోడలిది, చెవులు మాత్రం ఎవరివీ కావు" అని పక్క షాపు టైలరు అంటుంటాడు.

ఆ ఏడు వానలు పోగానే పొగ వదిలే బండ్లేవీ ఊరి లోపలి వీధుల్లోకి రాకూడదని ఉత్తర్వు వచ్చింది. లాడ్జీలన్నీ ఆ వీధుల్లోనే ఉన్నాయి. కరెంటు వ్యాను లేకపోతే సగం పని పోయినట్టే. కొత్తది కొనే తాహతు లేదు. అప్పుడు డ్రైవరమ్మే అంది, "మా చిన్నబాబు యార్డు ఉందిగా" అని.

చిన్నబాబు ఆవిడకున్న ఒక్కగానొక్క తమ్ముడు. బట్టతల వచ్చినా, కూతురు ఉద్యోగంలో చేరినా, ఇంట్లో ఇంకా చిన్నబాబే. వాడిన బండ్లు కొని కడిగి అమ్ముతాడు. ఊరి చివర రేకుల కంచె, లోపల వరసలుగా వ్యాన్లు, గేటు పక్కన అద్దాల గది.

అత్తాకోడళ్ళు వెళ్ళేసరికి తెల్ల వ్యానొకటి విడిగా నిలబెట్టి ఉంది. టైర్లకి నల్ల పాలిష్, లోపల నిమ్మకాయ వాసన.

"నీకోసమే పక్కన పెట్టానక్కా. ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు" అన్నాడు చిన్నబాబు తలుపు తెరుస్తూ. "కొరియర్ కంపెనీ బండి. మూసేస్తూ అమ్మేసుకున్నారు. ఊళ్ళో తిరిగిందే తప్ప దూరాలు పోలేదు."

డ్రైవరమ్మ అలవాటు ప్రకారం టైర్లు తన్నింది. తలుపులు వేసి తీసింది. కోడలు వెనక భాగంలోకి ఎక్కి నేల తట్టి చూసి, మూటలు కట్టే కొక్కేలు లాగి చూసింది. అన్నీ గట్టిగానే ఉన్నాయి. డ్రైవరమ్మ సీట్లో కూర్చుని బటన్ నొక్కింది. స్క్రీన్ వెలిగింది. ఛార్జి నిండుగా ఉంది. కింద "బ్యాటరీ ఆరోగ్యం బాగుంది" అని పచ్చటి అక్షరాలు.

"చూశావా, బండే చెప్తోంది" అన్నాడు తమ్ముడు.

"అది బండి తన గురించి తాను చెప్పుకునే మాట మావయ్యగారూ" అంది కోడలు కిందికి దిగుతూ. "మేం ఇంకోళ్ళని కూడా అడుగుతాం."

"ఎవర్నమ్మా?"

"మీటర్ని. స్టీరింగ్ కింద సాకెట్ ఉంటుందిగా, దానికి తగిలిస్తే లోపల సెల్స్ ఏది బలంగా ఉందో ఏది నీరసపడిందో చెప్తుంది. అదొక్కటీ చాలదు. మా లోడు వేసుకుని కొండ ఎక్కించి, ఛార్జి అడుగంటే దాకా తిప్పి చూడాలి. బ్యాటరీ లెక్కని రీసెట్ చేసేస్తే కొన్నాళ్ళు స్క్రీను పచ్చగానే నవ్వుతుందట."

ఈ సంగతులన్నీ ఆ అమ్మాయి ఛార్జింగ్ స్టేషన్లో సంపాదించింది. బండ్లు ఛార్జి అయ్యేదాకా డ్రైవర్లకి పనేమీ ఉండదు. బెంచీ మీద కూర్చుని తాము మోసపోయిన కథలు చెప్పుకుంటారు. ఉత్తర్వు వచ్చిన దగ్గర్నించీ కోడలు రోజూ మధ్యాహ్నం వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుని, ఎవరి బండి ఎక్కడ ఆగిందో, కొనేముందు ఏం చూడాల్సిందో వినేది.

చిన్నబాబు నవ్వు ఆగిపోయింది. "అక్కా, నీ కోడలు నన్ను దొంగంటోంది."

"దొంగ అన్న మాట నువ్వే అన్నావు" అంది డ్రైవరమ్మ. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమెందుకురా. అది అడిగింది బ్యాటరీ సంగతి."

"మీ డీజిల్ వ్యాను కొన్నప్పుడు ఇంజన్ విప్పించావా?"

"విప్పించలేదు. పొగ చూశా, చప్పుడు విన్నా, ఆయిలు వేళ్ళ మధ్య రుద్ది చూశా. దీనికి పొగ లేదు, చప్పుడు లేదు. మరేం చూసి కొనమంటావు, నీ మొహమా?"

"నా మొహం చూసే కొనాలి. తమ్ముణ్ణి."

అతను హాస్యానికి అనలేదు. ఆవిడకీ అది హాస్యంగా వినిపించలేదు.

"మీటరు పెట్టనిస్తే మాట్లాడదాం" అంది సీట్లోంచి దిగి.

"నా యార్డులో మీటరు పెట్టనివ్వను. ఇవాళ నీకు ఒప్పుకుంటే రేపు దారిన పోయే ప్రతివాడూ ఒకటి జేబులో వేసుకొస్తాడు. యార్డు చుట్టూ ఒక రౌండు తిప్పి చూసుకోవడం, నచ్చితే కొనుక్కోవడం. నా దగ్గర అంతే."

అత్తాకోడళ్ళు పాత వ్యానులో వెనక్కి బయల్దేరారు. ఈ గొడవ తనవల్లే వచ్చిందని కోడలికి లోపల గుబులుగా ఉంది. పాత వ్యాను లాండ్రీ ముందు ఆపాక, "మీకు ఇబ్బందైతే ఇంకెక్కడైనా చూద్దాం అత్తయ్యా. ఆయన మీ తమ్ముడు" అంది.

"తమ్ముడు కాబట్టే చూసి తీరతా" అంది డ్రైవరమ్మ.

ఆ మాట వెనక పాత సంగతులు చాలా ఉన్నాయి. చిన్నప్పుడు నాన్న ఇద్దరికీ కలిపి ఒక సైకిలు కొన్నాడు. ముందు నేర్చుకున్నది అక్క. తొక్కుతున్నది అక్క. ఓ సాయంత్రం తమ్ముడు నేల మీద దొర్లి ఏడిచాడు. "చిన్నవాడే, వదిలెయ్" అంది అమ్మ. సైకిలు వదిలేసింది. కిటికీ ఉన్న గది వదిలేసింది. కాలేజీ చదువు ఇద్దరిలో ఒకరికే అన్నప్పుడు అదీ వదిలేసింది. బస్సు డ్రైవరు ఉద్యోగం మాత్రం ఎవరూ వదలమనలేదు, ఎందుకంటే ఆ ఇంట్లో అది ఇంకెవరికీ అక్కర్లేకపోయింది. దాని మీదే ఇల్లు నడిపింది, కొడుకుని పెంచింది. ఇవన్నీ తలుచుకుని కుమిలే మనిషి కాదు. కానీ "నా మొహం చూసే కొనాలి" అన్న మాటలో ఆవిడకి ఆ పాత "వదిలెయ్" స్పష్టంగా వినిపించింది.

రెండు రోజుల్లో సంగతి చుట్టాలందరికీ పాకింది. ఫోన్లు మొదలయ్యాయి. "పెద్దదానివి, నువ్వే తగ్గాలి" అన్నవాళ్ళు కొందరు. "పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం, మొదట్నించీ అంతే" అని వెనకాల అన్నవాళ్ళు కొందరు. ఒక పెద్దాయన ఫోను చేసి మొహమాటం గురించి బోధించబోతే, "మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉంది బాబాయ్. కోడలు పక్కనే ఉంది, పూర్తిగా చెప్పలేను" అని పెట్టేసింది. మిషన్ల దగ్గర కొడుకు కూడా నెమ్మదిగా, "మావయ్యతో వైరం ఎందుకే అమ్మా" అన్నాడు. "కొండ మీద బండి ఆగితే మూటలు నువ్వు మోసుకెళ్తావా?" అని అడిగింది. అతను మళ్ళీ మిషను రొదలోకి వెళ్ళిపోయాడు.

చిన్నబాబు భార్య స్వయంగా వచ్చింది. ఇస్త్రీ బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని చాలాసేపు దుప్పట్ల అంచులు సవరించింది.

"ఆయనకి నిద్ర పట్టట్లేదు వదినా. సొంత అక్కే నమ్మకపోతే బయటివాళ్ళు ఎలా నమ్ముతారని ఒకటే గొణుగుడు."

"నేను నమ్మేది వాణ్ణి. చూస్తానన్నది బ్యాటరీని. రెండూ కలిపి ముడి వేస్తున్నది వాడమ్మా."

"పోనీ కాస్త సర్దుకుపోకూడదా?"

"పుట్టిన దగ్గర్నించీ సర్దుకున్నా. ఎత్తు ఎక్కేటప్పుడు బండి సర్దుకోదు." డ్రైవరమ్మ దుప్పటి మడత పూర్తి చేసి మరదలి చేతిలో పెట్టింది. "వాడికి నిద్ర పట్టనిది నావల్ల కాదేమో, అడిగి చూడు."

మరదలు తలెత్తి చూసి, దుప్పటి బల్ల మీద పెట్టి లేచింది.

యార్డులో వారానికోరోజు కొనేవాళ్ళు ఎక్కువగా వస్తారు. ఆ రోజే ఎంచుకుంది డ్రైవరమ్మ. పాత వ్యాను నిండా తడి దుప్పట్ల మూటలు వేయించింది, పొడి గుడ్డల కంటే తడి గుడ్డలే బరువు. గేటు లోపలికి వచ్చి, తెల్ల వ్యాను పక్కనే ఆపి, అద్దాల గదిలో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచింది.

"తాళం ఇయ్యి. ఒక రౌండు తిప్పుకోవచ్చన్నావుగా."

అక్క దారికి వచ్చిందనుకున్నాడు. మనసు తేలికపడి, ఛార్జి నిండుగా పెట్టించానని కూడా చెప్పి ఇచ్చాడు. అతను ఇంకో కొనుగోలుదారుతో మాట్లాడి బయటికి వచ్చేసరికి కోడలు మూటలన్నీ తెల్ల వ్యానులోకి మార్చేసి కొక్కేలకి కట్టేసింది. డ్రైవరమ్మ సీట్లో కూర్చుని అద్దాలు సరిచేసుకుంటోంది.

చిన్నబాబు వచ్చి వ్యాను ముందు నిలబడ్డాడు.

"ఏంటిది?"

"లోడు. మేం మోసేది ఇదే."

"యార్డు చుట్టూ తిప్పడానికి లోడెందుకు?"

"యార్డు చుట్టూ కాదు. కొండ మీదికి."

"దిగక్కా."

"దిగను."

అతను గొంతు తగ్గించాడు. చుట్టూ జనం చూస్తున్నారు. "పరువు తీయకు. దిగు, లోపల కూర్చుని మాట్లాడుకుందాం."

"లోపల మాట్లాడేదేమీ లేదు. బండి బాగుంటే సాయంత్రం లోపు తెచ్చి ఇదే చోట నిలబెడతా. ఇంతమంది ముందు నా తమ్ముడు సత్యసంధుడని చెప్పి, నువ్వు చెప్పిన ధరకే కొంటా. పైసా బేరం చెయ్యను. బాగోకపోతే చెప్పాల్సింది నువ్వు."

"అమ్మ ఉంటే నువ్విలా చేసేదానివేనా?"

"అమ్మ ఉంటే పక్క సీట్లో కూర్చునేది. ఆవిడ వంకాయ కొన్నా నొక్కి చూసేది."

జనంలో ఎవరో నవ్వారు. చిన్నబాబు బానెట్ మీద రెండు చేతులూ పెట్టి అలాగే నిలబడ్డాడు. డ్రైవరమ్మ హారన్ కొట్టలేదు, తొందరపెట్టలేదు. ట్రాఫిక్ జామ్‌లో బస్సు ఆపుకుని కూర్చున్నట్టు కూర్చుంది. ఆ కూర్చోవడం చూస్తే, ఈవిడ రేపటిదాకా అయినా ఇలాగే ఉంటుందని ఎవరికైనా అర్థమవుతుంది. కోడలు వ్యాను తలుపు దగ్గరే నిలబడింది. అందరూ తనవైపే చూస్తున్నా అక్కణ్ణించి కదల్లేదు.

పాతికేళ్ళుగా స్కూలు పిల్లల బండ్లు నడుపుతున్నానంటూ ఒకాయన ముందుకొచ్చాడు. ఆయన ఆ వరసలోనే ఉన్న మరో తెల్ల వ్యాను బేరమాడుతున్నాడు. "పోనివ్వండి సారూ. బాగుంటే మీకే మంచిది కదా. నేనూ ఆగి చూస్తా" అన్నాడు.

దాంతో చిన్నబాబుకి వేరే దారి లేకపోయింది. చేతులు తీసి, చుట్టూ తిరిగి వచ్చి, పక్క సీటు తలుపు లాగాడు. "పద. నేనూ వస్తా. రాగానే క్షమాపణ చెప్పడానికి సిద్ధంగా ఉండు."

వ్యాను గేటు దాటింది. కోడలు పాత వ్యానులో వెనకాలే బయల్దేరింది.

మొదట్లో అంతా సాఫీగానే ఉంది. బండి మెత్తగా సాగింది. ఊరి బయటి వీధులు దాటేదాకా స్క్రీన్ మీద అంకెలు పెద్దమనుషుల్లా నెమ్మదిగా దిగాయి. చిన్నబాబు కిటికీలోంచి చూస్తూ, "చెప్పానా" అన్నాడు. డ్రైవరమ్మ బైపాసు మీద చాలాదూరం తిప్పి, సగం ఛార్జి ఖర్చు చేశాకే కొండ దారి పట్టింది.

మొదటి మలుపు దగ్గర అంకె ఒక్కసారిగా తగ్గింది. రెండో మలుపు దగ్గర ఇంకా పెద్ద గెంతు వేసింది. మెట్లు దిగుతున్న మనిషి కాలు జారితే ఎలా ఉంటుందో అలా దిగిపోతున్నాయి అంకెలు.

"స్క్రీను తప్పు చూపిస్తోంది" అన్నాడు చిన్నబాబు.

"మొన్న స్క్రీను మాటే వేదమన్నావు."

నర్సింగ్ హోమ్ కనపడుతూనే ఉంది. పైన తెల్ల గోడ, కిటికీల్లో పరదాలు. దాని కింది మలుపులో స్క్రీన్ మీద పసుపు దీపం, వెంటనే ఎర్ర దీపం వెలిగాయి. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి నడవడమే తప్ప పరుగెత్తలేదు. తరవాత నడక కూడా మానేసింది. డ్రైవరమ్మ స్టీరింగ్ పక్కకి తిప్పి, రోడ్డు వారగా ఆపి, హ్యాండ్ బ్రేకు వేసింది. బండికి చప్పుడే లేదు కాబట్టి అది ఆగిపోయిన క్షణం కూడా తెలియలేదు. గాలి మాత్రమే వినపడుతోంది.

కోడలు వెనక ఆపి దిగబోతుంటే డ్రైవరమ్మ చెయ్యి ఊపి అక్కడే ఉండమంది.

చిన్నబాబు మోకాళ్ళ మీద అరచేతులు పెట్టుకుని కూర్చున్నాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు.

"నువ్వు తెలిసి అంటగట్టబోయావా?" అని అడిగింది.

"తెలీదక్కా. అమ్మతోడు, తెలీదు."

"తెలుసుకోలేదా, తెలియలేదా?"

అతను స్క్రీన్ మీద ఎర్ర దీపం వంక చూశాడు. తరవాత చెప్పాడు. కొరియర్ కంపెనీ వాళ్ళు తమ వ్యాన్ల వరస మొత్తం ఒకేసారి తీసుకుంటేనే ఇస్తామన్నారట. ఇల్లు తాకట్టు పెట్టి తీసుకున్నాడు. ఒక బండి తోలుకెళ్ళిన మనిషి వారం తిరక్కుండా ఫోను చేసి తిట్టాడు. ఆ రోజు నుంచీ మీటరు అన్న మాట వింటేనే గుండె దడ.

"చూపిస్తే తెలిసిపోతుంది. తెలిశాక అమ్మలేనుగా. తెలియకపోతే... అమ్మేటప్పుడు అబద్ధం చెప్పినట్టు కాదు."

"నీకు కాదు. కొనేవాడికి రోడ్డు మధ్యలో రెండూ ఒకటే."

"నువ్వైనా ఊరుకుంటావనుకున్నా. ఒకటి నువ్వు తీసుకుంటే, మా అక్కే కొందని మిగతావాళ్ళకి చెప్పొచ్చని..."

డ్రైవరమ్మకి అప్పుడు నిజంగా కోపం వచ్చింది. అంతసేపూ లేని కోపం. తన డబ్బు పోవడం ఒకెత్తు. తన పేరు పెట్టుకుని ఊరందరికీ ఈ బండ్లు అంటగట్టాలనుకున్నాడు. తమ్ముడి మొహం చూసింది. అందులో నేల మీద దొర్లి ఏడ్చిన పిల్లాడు కనపడ్డాడు, జాలి కూడా వేసింది. జాలి వేసినంత మాత్రాన కోపం తగ్గలేదు.

"ఇన్నాళ్ళూ వదిలేస్తూ వచ్చా చూడు, అది నీకు మేలు చేశాననుకున్నా" అంది. "ఇక వదలను."

మూటలన్నీ పాత వ్యానులోకి మార్చారు. ముగ్గురూ కలిసే మోశారు, చిన్నబాబు కూడా. బరువు దిగి, కాసేపు విశ్రాంతి దొరికాక తెల్ల వ్యానుకి కాస్త ప్రాణం వచ్చింది. డ్రైవరమ్మ దాన్ని కిందివైపు తిప్పింది. దిగుడులో చక్రాలు తిరిగినకొద్దీ కొంత ఛార్జి తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది. అలా పల్లం ఇచ్చిన అప్పుతో, బ్రేకు మీద కాలు ఉంచుకుని, రోగిని నడిపించినట్టు నడిపించుకుంటూ యార్డు దాకా తెచ్చింది.

కంచె కనపడగానే చిన్నబాబు అన్నాడు, "వెనక గేటు నుంచి పోదామక్కా."

డ్రైవరమ్మ ముందు గేటు వైపు ఇండికేటర్ వేసింది.

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఎక్కణ్ణించి తీశానో అక్కడే పెడతానని మాటిచ్చా."

ఎర్ర దీపం వెలుగుతుండగానే, మనిషి నడకతో, వ్యాను జనం మధ్యకి వచ్చి ఆగింది. ఎవరూ ఏమీ అడగాల్సిన పని లేకపోయింది. వెనకనించి కోడలు, ఛార్జింగ్ స్టేషన్లో ఓ డ్రైవరు దగ్గర అరువు తీసుకున్న మీటరు తెచ్చి స్టీరింగ్ కింద సాకెట్‌కి తగిలించింది. ఈసారి చిన్నబాబు అడ్డు చెప్పలేదు, అద్దాల గది గుమ్మానికి ఆనుకుని చూస్తూ ఉండిపోయాడు. సెల్స్‌లో ఒక గుంపు మిగతావాటికంటే బాగా కిందికి జారిపోయి ఉంది. గొలుసులో బలహీనమైన కొన్ని లంకెల వల్ల మొత్తం బ్యాటరీ చేతులెత్తేస్తోందని కోడలు అడిగినవాళ్ళకి వివరించింది. పైన పటారం, లోన లొటారం అన్నాడు ఎవరో. స్కూలు బండ్లాయన మీటరు వంక చూసి, తను బేరమాడిన వ్యాను దగ్గరికి నడిచి, "దీనికీ పెట్టమ్మా" అన్నాడు.

"ఆపండి" అన్నాడు చిన్నబాబు. ఆ తరవాత అక్క వైపు తిరిగాడు. ఇందాక కొండ మీద మాట్లాడిన మనిషి మాయమైపోయాడు. "చూశావుగా. తృప్తేనా? ఇక నా గుమ్మం తొక్కకు. నాకు అక్క లేదనుకుంటా."

"అనుకో" అంది డ్రైవరమ్మ. "నేను మాత్రం ఉంటా. వీటిల్లో ఒక్కటి చూపించకుండా అమ్మావని తెలిసినా, మళ్ళీ వచ్చి ఆ సీట్లో కూర్చుంటా. అప్పుడు క్రేను తెప్పించినా దిగను."

తాళం చెవి అతని చేతిలో పెట్టింది. బండి బాగోలేదని చెప్పాల్సిన మాట అతను చెప్పలేదు, ఆవిడా గుర్తు చేయలేదు. పాత వ్యాను ఎక్కి, మూటలు తీసుకుని, పొగ వదులుకుంటూ వెళ్ళిపోయారు. దారిలో డ్రైవరమ్మ ఒకసారి కళ్ళు తుడుచుకుంది. కోడలు చూసీ చూడనట్టు కిటికీ అద్దం పైకెత్తి, "పొగ లోపలికి వస్తోంది అత్తయ్యా" అంది.

చుట్టాలు ఆవిణ్ణి నెలల తరబడి దులిపేశారు. తమ్ముడి నోటి దగ్గర కూడు లాగేసిందన్నారు. ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. కోడలే అక్కడా ఇక్కడా తిరిగి, ఒక బేకరీ ఆయన వాడుకున్న చిన్న వ్యాను పట్టింది. రంగు వెలిసిపోయి, పక్కన రొట్టెల బొమ్మ సగం చెరిగి ఉంది. మీటరు సంగతి ఎత్తేలోపే ఆయన, "ముందు కొండెక్కించి చూసుకోండి, తరవాత మాట్లాడదాం" అన్నాడు. కొండెక్కించారు. నర్సింగ్ హోమ్ గేటు లోపలిదాకా ఎక్కింది. అయినా డ్రైవరమ్మ మర్నాడు మళ్ళీ ఒకసారి ఎక్కించి చూసింది.

చిన్నబాబు కబుర్లు మరదలి ద్వారా తెలిసేవి. కొన్నాళ్ళు ఎవరూ కొనలేదట. తరవాత ఒక రోజు అతనే మనిషిని పిలిపించి వరస మొత్తానికీ మీటరు పెట్టించాడట. కొన్ని నిక్షేపంలా ఉన్నాయి. కొన్నిటికి సెల్స్ మార్పించాడు. పనికిరానివి విడిభాగాలకింద పోయాయి. నష్టం గట్టిగానే తగిలింది, ఇల్లు మాత్రం దక్కింది. స్కూలు బండ్లాయన నిక్షేపంలా ఉన్నదొకటి తీసుకున్నాడు. "ఇప్పుడు నిద్రపోతున్నారు వదినా, గురక కూడా పెడుతున్నారు" అని మరదలు ఫోన్లో చెప్పింది. అయినా అక్క పేరు ఎత్తితే లేచి వెళ్ళిపోతున్నాడట.

తరవాత చిన్నబాబు కూతురు ఉద్యోగం మానేసి సొంతంగా కళ్ళద్దాల దుకాణం తెరిచింది. అందర్నీ భోజనానికి పిలిచింది. మేనత్తకి ఫోను చేసి, "నాన్న సంగతి నాకు తెలీదు, నువ్వు రాకపోతే మాత్రం ఊరుకోను" అంది.

డ్రైవరమ్మ రొట్టెల బొమ్మ వ్యానులోనే వెళ్ళింది. దుకాణం వెనక గదిలో పొడవాటి బల్లలు వేశారు. చిన్నబాబు ఒక చివర కూర్చుని ఉన్నాడు. అతని పక్క కుర్చీ ఖాళీగా ఉంది, అక్క రావడం చూసి దాని మీద చేతిసంచీ పెట్టాడు. మరదలు కంగారుగా ఇంకో బల్ల వైపు చోటు చూపించింది.

డ్రైవరమ్మ నేరుగా వెళ్ళి, సంచీ తీసి అతని ఒళ్ళో పెట్టి, ఆ కుర్చీలోనే కూర్చుంది.

"మాట్లాడకపోతే మానెయ్" అంది కంచం తనవైపు లాక్కుంటూ. "కుర్చీ మాత్రం ఇదే."

అతను మాట్లాడలేదు. లేచి వెళ్ళనూ లేదు. అన్నం సగం అయ్యాక, ఆవిడ వైపు చూడకుండానే, కూర గిన్నె ఆవిడ ముందుకి జరిపాడు.

"మీరు కొన్నదానికి ఛార్జి ఎలా నిలుస్తోంది?" అని అడిగాడు.

"చూసుకునే కొన్నాం" అంది డ్రైవరమ్మ, కూర వడ్డించుకుంటూ.